నాలుగు కిలోల పడవ, ఎనభై ఏళ్ల సైనికుడు

2021లో ఇంగ్లండ్, వేల్స్ జనగణన ఫారంలో మొదటిసారి ఒక ప్రశ్న కనబడింది. మీరు ఎప్పుడైనా బ్రిటన్ సాయుధ దళాల్లో పనిచేశారా అని. లెక్క తేలాక మాజీ సైనికులు సుమారు 18.5 లక్షల మంది ఉన్నారని తెలిసింది. పదహారేళ్లు నిండిన జనాభాలో ఇది 3.8 శాతం. నన్ను ఆపేసిన అంకె మాత్రం ఇది కాదు, దాని పక్కన ఉన్నది. ఆ మాజీ సైనికుల్లో 31.8 శాతం మంది, అంటే దాదాపు ముగ్గురిలో ఒకరు, 80 ఏళ్లు నిండినవాళ్లే.

దీనికి కారణం చరిత్రలో ఉంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కూడా బ్రిటన్‌లో ఆరోగ్యంగా ఉన్న దాదాపు ప్రతి యువకుడూ సైన్యంలో కొంతకాలం తప్పనిసరిగా పనిచేయాల్సి వచ్చేది. మొదట 18 నెలలు, కొరియా యుద్ధం వచ్చాక రెండేళ్లు. ఈ పిలుపులు 1960తో ఆగిపోయాయి. ఆఖరి మనిషి 1963లో ఇంటికి వచ్చాడు. అలా వెళ్లి వచ్చినవాళ్లు ఇప్పుడు ముత్తాతలయ్యారు.

బ్రిటిష్ సైన్యానికి తెరచాప పడవలు కొత్త కాదు. సైనిక ఇంజినీర్ల యాట్ క్లబ్ 1846 నాటిది. పడుచుతనంలో పడవ పందేలకు వెళ్లినవాళ్లకు మోకాలు అరిగినా, నడుం పట్టేసినా, యుద్ధంలో కాలే పోయినా గాలి చూసే కన్ను పోదు. అలాంటివాళ్లు, ఇంకా సర్వీసులో ఉన్న కుర్రాళ్లు, ఒకే చెరువు ఒడ్డున పక్కపక్కన నిలబడి పోటీపడే ఆట ఒకటి ఉంది. చేతిలో రేడియో రిమోట్, నీళ్ల మీద మీటరు పొడవు పడవ. దీన్ని రేడియో సెయిలింగ్ అంటారు. చూసినవాళ్లు బొమ్మ పడవల ఆట అనుకుంటారు. అంకెలు చూస్తే ఆ మాట నిలవదు. అందుకే ఈ కథనాన్ని అంకెలతోనే నడిపిస్తాను.

ముందు మన హుస్సేన్‌సాగర్‌కు వెళ్దాం. సికింద్రాబాద్‌లోని ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషన్ అక్కడ ఏటా హైదరాబాద్ సెయిలింగ్ వీక్ జరుపుతుంది. సైన్యంలోని ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజినీర్ల విభాగం వాళ్లది ఈ క్లబ్. వర్షాకాలంలో ట్యాంక్‌బండ్ మీద వెళ్తూ తెల్లటి తెరచాపల గుంపును చూసినవాళ్లు చాలామందే ఉంటారు. అవి ఎక్కువగా లేజర్ పడవలు. పొడవు 4.23 మీటర్లు, పెద్ద రకం తెరచాప 7.06 చదరపు మీటర్లు, హల్ అనే పడవ దొప్ప బరువు 59 కిలోలు. నడిపేది ఒక్కడే మనిషి. అతని బరువు 80 కిలోలు అనుకుందాం. పడవ దొప్ప కన్నా మనిషే బరువు! చాప నిలిపే కొయ్య, చాప, చుక్కాని అన్నీ కలిపినా మొత్తంలో దాదాపు సగం అతనే.

ఇందులో అసలు సంగతి ఉంది. గాలి చాపను నెట్టినప్పుడు పడవ పక్కకు వాలుతుంది. దాన్ని నిటారుగా ఉంచడానికి ఆ మనిషి అడుగున ఉన్న పట్టీలో పాదాలు దూర్చి, తొడలు అంచు మీద ఆనించి, వీపు నీళ్ల మీదకు వాల్చి వేలాడాలి. రెండు నిమిషాలు కాదు, గాలికి ఎదురు సాగే ప్రతిసారీ. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన సైన్యానికి చెందిన విష్ణు శరవణన్ కాంస్యం గెలిచింది ఈ తరహా పడవ మీదే. తొడ కండరాలు మండిపోతుంటే మెదడును చల్లగా ఉంచుకోవడం ఆ ఆటలో సగం. ఎనభై ఏళ్ల మనిషిని అక్కడ కూర్చోబెట్టలేం.

ఇప్పుడు మీటరు పడవను చూడండి. ప్రపంచవ్యాప్తంగా ఎక్కువ పోటీలు జరిగే తరగతి పేరు ఇంటర్నేషనల్ వన్ మీటర్, పొట్టిగా ఐఓఎమ్. 1988లో పుట్టింది. నిబంధన ప్రకారం హల్ పొడవు 1,000 మిల్లీమీటర్లకు మించకూడదు, మొత్తం బరువు 4,000 గ్రాములకు తగ్గకూడదు, నీటి మట్టం నుంచి కింది కొస దాకా లోతు 420 మిల్లీమీటర్లు దాటకూడదు. పడవ అడుగున కత్తిలా దిగే రెక్క, దాని కొసన సీసపు గుండు ఉంటాయి. ఈ రెంటినీ కలిపి కీల్ అనుకోండి. దీని బరువు 2,200 నుంచి 2,500 గ్రాముల మధ్య ఉండాలి. నాలుగు కిలోల పడవలో ఇది 55 నుంచి 62.5 శాతం.

లేజర్‌లో సగం బరువు మనిషి. ఇక్కడ సగానికి పైగా సీసం. లేజర్‌లో మనిషి ఒళ్లు చేసే పనిని ఇక్కడ సీసం చేస్తుంది. మిగిలినదంతా, అంటే గాలి ఎటు తిరుగుతోంది, ఎప్పుడు మలుపు తీసుకోవాలి, పక్క పడవకు దారి ఇవ్వాలా వద్దా అన్న తూకం, ఒడ్డున ఉన్న మనిషి దగ్గరే ఉండిపోతుంది. పడవలోంచి తీసేసింది కండబలాన్ని ఒక్కదాన్నే. ఈ ఆట గురించి నేను చెప్పదలచింది కూడా ఇంతే. అయితే పడవ చిన్నదైతే ఆట కూడా తేలికవుతుందా అన్నది చూడాలి. అవదు. పైగా ఒక లెక్క ప్రకారం చాలా కష్టమవుతుంది.

ఆ లెక్క కోసం మనవాళ్లకు తెలిసిన పడవనే తీసుకుందాం. భారత నౌకాదళానికి చెందిన ఐఎన్ఎస్‌వీ తారిణి. 2017 సెప్టెంబర్ 10న ఆరుగురు మహిళా అధికారులు గోవా నుంచి దాని మీద బయలుదేరి, 254 రోజుల్లో 21,600 నాటికల్ మైళ్లు తిరిగి, 2018 మే 21న వెనక్కి వచ్చారు. ఆ ఆరుగురిలో ఇద్దరు తెలుగువాళ్లు: విశాఖపట్నానికి చెందిన పి. స్వాతి, హైదరాబాద్‌కు చెందిన ఐశ్వర్య బొడ్డపాటి. తారిణి పొడవు 17 మీటర్లు, బరువు సుమారు 23 టన్నులు, కొయ్య ఎత్తు సుమారు 25 మీటర్లు.

తారిణిని 17 వంతుల్లో ఒక వంతుకు కుదిస్తే పొడవు ఒక మీటరు అవుతుంది. బరువు అలా తగ్గదు. పొడవు, వెడల్పు, లోతు మూడూ 17 రెట్లు తగ్గుతాయి కాబట్టి బరువు 17 × 17 × 17, అంటే 4,913 రెట్లు తగ్గుతుంది. 23,000 కిలోలను 4,913తో భాగిస్తే వచ్చేది 4.7 కిలోలు. ఐఓఎమ్ కనీస బరువు 4 కిలోలు. ఐఓఎమ్ పెద్ద చాప ముందంచు 1,600 మిల్లీమీటర్లు, 17తో హెచ్చిస్తే 27 మీటర్లు. తారిణి కొయ్య 25. ఈ లెక్క మొదటిసారి కాగితం మీద వేసినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. ఒకదాన్ని చూసి ఒకటి చేసినవి కావు, ఎవరి పని వాళ్లు చేసుకున్నారు. అయినా కొలతలు దగ్గర దగ్గరగా వచ్చాయి.

గాలి మాత్రం కుదించుకోదు. హుస్సేన్‌సాగర్ మీద వీచే గాలే తారిణికీ, మీటరు పడవకూ. నీటి మీద పడవ వేగాలను పోల్చాలంటే పొడవుల వర్గమూలం చూడాలి. 17కు వర్గమూలం సుమారు 4.1. గాలి వేగాన్ని కూడా అదే కొలతతో పెంచి చూడాలి. గంటకు 18.5 కిలోమీటర్ల పిల్లగాలి మీటరు పడవకు ఎలా ఉంటుందంటే, తారిణికి గంటకు 76 కిలోమీటర్ల గాలి ఉన్నట్టు. మన వాతావరణ శాఖ భాషలో 62 నుంచి 88 మధ్య ఉంటే దాన్ని తుఫాను అంటారు. చీర కొంగు కొంచెం రెపరెపలాడే సాయంత్రం కూడా ఆ పడవకు తుఫానే.

ఇంకో అడుగు ముందుకు వెళ్దాం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకినప్పుడు గాలి వేగం గంటకు 180 కిలోమీటర్ల దాకా వెళ్లింది. దాన్ని 4.1తో భాగిస్తే 44. బాగా గాలి ఉన్న రోజున ఒడ్డున నిలబడ్డ మనిషికి టోపీ ఎగిరిపోయే గాలి అది. అలాంటి రోజు కూడా పందెం ఆపరు, చాపలు మారుస్తారు. ఐఓఎమ్ పడవకు మూడు జతల కొయ్య, చాపలు ఉంటాయి: ఎ, బి, సి. పెద్ద చాప ముందంచు ఎ లో 1,600 మిల్లీమీటర్లు, బి లో 1,180, సి లో 880. సి జత వేసుకుని హుద్‌హుద్ లాంటి గాలిలోకి పడవను వదులుతున్నారన్న మాట! ముక్కు నీళ్లలో మునుగుతుంది, పడవ మొత్తం జలాంతర్గామిలా కాసేపు కనబడకుండా పోతుంది, మళ్లీ లేస్తుంది.

ఆ లేవడం కీల్ పుణ్యమే. పడవ చిన్నదయ్యేకొద్దీ దాన్ని నిటారుగా నిలబెట్టే బలం, పడగొట్టే గాలి కన్నా త్వరగా తగ్గిపోతుంది. పడగొట్టే బలం పొడవు ఘనంతో తగ్గితే, నిలబెట్టే బలం నాలుగో ఘాతంతో తగ్గుతుంది. అందుకే 420 మిల్లీమీటర్ల లోతు. దీన్ని 17తో హెచ్చిస్తే 7 మీటర్లకు పైగా. 17 మీటర్ల నిజమైన పడవకు ఏడు మీటర్ల కీల్ పెడితే చాలా రేవుల్లోకి రానే రాదు. చిన్న పడవకు ఆ బాధ లేదు, మోకాలి లోతు నీళ్లు ఉంటే చాలు.

ఈ వర్గమూలం సూత్రం కనిపెట్టిన విలియం ఫ్రూడ్‌కు డబ్బు ఇచ్చింది కూడా నౌకాదళమే. 1867లో ఆయన ఇంగ్లండ్‌లోని డార్ట్ నదిలో రెండు ఆకారాల నమూనా పడవలను మూడేసి అడుగులు, ఆరేసి అడుగులు, పన్నెండేసి అడుగుల సైజుల్లో లాగి చూశాడు. ఆ ఫలితాల ఆధారంగా బ్రిటిష్ నౌకాదళం 2,000 పౌండ్లు మంజూరు చేస్తే, టార్కీలో తన ఇంటి పక్కన 278 అడుగుల నీటి తొట్టె కట్టి యుద్ధనౌకల నమూనాలను పరీక్షించాడు. 1886లో ఆ పని గోస్‌పోర్ట్ దగ్గరి హాస్లార్‌కు మారింది. ఇప్పుడు మన విశాఖలో నౌకాదళ పరిశోధనశాల ఎన్ఎస్‌టీఎల్‌లో అదే పనికి 500 మీటర్ల పొడవు తొట్టె ఉంది. యుద్ధనౌక కట్టే ముందు దాని చిన్న నమూనాను అక్కడ నీళ్లలో లాగి చూస్తారు. నమూనా పడవ దగ్గర నేర్చుకోనిదే నౌకాదళాలు పెద్ద ఓడను నీళ్లలోకి దించవు.

సరే, వర్గమూలం కాలానికి కూడా వర్తిస్తుంది. తారిణి లాంటి పడవ గాలికి ఎదురుగా దిశ మార్చుకోవడానికి 8 సెకన్లు తీసుకుంటే మీటరు పడవ 2 సెకన్లలో తిరిగిపోతుంది. నిజమైన పడవలో ఆలోచించుకోవడానికి ఉన్న సమయం ఇక్కడ నాలుగో వంతు. గాలి దిశ ఐదు డిగ్రీలు మారిందని గమనించి, చుక్కాని తిప్పి, చాప తాడు వదిలేలోపు పక్కవాడు ముందుకు పోతాడు.

పడవ వేగం మాత్రం మనిషికి అనుకూలంగా ఉంటుంది. మీటరు పడవ నీళ్లను చీల్చుకుంటూ మామూలుగా వెళ్లగలిగే గరిష్ఠ వేగం సెకనుకు 1.25 మీటర్లు, అంటే గంటకు 4.5 కిలోమీటర్లు. మనం పార్కులో నడిచే వేగం. పడవతో పాటు ఒడ్డు వెంట నెమ్మదిగా నడుస్తూ పందెం ఆడొచ్చు, నడవలేనివాళ్లు కుర్చీలో కూర్చుని ఆడొచ్చు, చక్రాల కుర్చీ అయినా ఫరవాలేదు. పావుగంట పందెంలో పడవ కిలోమీటరు పైచిలుకు తిరుగుతుంది.

వయసు ఇబ్బంది పెట్టేది కళ్ల దగ్గర. మీటరు పడవను వంద మీటర్ల దూరంలో చూస్తే పున్నమి చంద్రుడి అడ్డుకొలతకు కాస్త ఎక్కువగా, అంతే, కనబడుతుంది. తెరచాప మీద నంబరు ఎత్తు 100 మిల్లీమీటర్లు. కళ్ల డాక్టరు 6/6 అన్నవాళ్లు ఆ అంకెను 69 మీటర్ల దాకా పోల్చుకోగలరు. 6/9 అయితే 46 మీటర్లు, 6/12 అయితే 34. ఇది నా లెక్క, కళ్ల పరీక్ష బోర్డు మీద అక్షరం ఎంత కోణంలో కనబడాలో దాన్ని బట్టి వేసింది. ఈ ఆటలో పెద్దవాళ్లు కుర్రాళ్ల చేతిలో ఓడిపోయే చోటు ఇదే. దూరాన ఉన్న మార్కు, అంటే పడవలు చుట్టి రావాల్సిన గుర్తు, దగ్గర రెండు పడవలు ఒకదాని పక్కకు ఒకటి వచ్చాయా, ఒకటి వెనకే ఉందా అన్నది చూపు ఆనక తేల్చుకోలేరు. అనుభవం ఉన్నవాళ్లు దీనికో మార్గం వెతుక్కుంటారు: మార్కు దగ్గర గుంపులోకి దూరరు, ఒక పడవ దూరం ఎక్కువైనా బయట నుంచి చుట్టొస్తారు.

ఈ చిన్న పడవలకు, సైనికులకు మధ్య ఉన్న బంధంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన అధ్యాయం ఒకటుంది. అది రేడియో రాకముందుది.

రేడియో లేని రోజుల్లో నమూనా పడవను చెరువులోకి వదిలితే దాని దారి అది చూసుకోవాలి. 1935లో శామ్ బెర్గె అనే నార్వే మనిషి తన నమూనా పడవ వెనక ఒక చిన్న రెక్క నిలబెట్టి పందేనికి తెచ్చాడు. గాలికి తిరిగే ఆ రెక్క చుక్కానిని తిప్పుతుంది. గాలితో పడవ చేసే కోణం మారగానే రెక్క పక్కకు జరుగుతుంది, చుక్కాని సర్దుకుంటుంది, పడవ మళ్లీ దారిలో పడుతుంది. మనిషి అక్కర్లేదు.

ఇప్పుడు హెచ్.జి. హాస్లర్ సంగతి. స్నేహితులకు బ్లాండీ. బ్రిటిష్ రాయల్ మెరైన్స్ అధికారి. 1942 డిసెంబరులో ట్యూనా అనే జలాంతర్గామి నుంచి ఐదు చిన్న మడత పడవల్లో పది మంది ఫ్రాన్స్ తీరం దగ్గర నీళ్లలోకి దిగారు. జర్మన్ల చేతిలో ఉన్న బోర్డో రేవు దాకా రాత్రిపూట తెడ్లు వేసుకుంటూ వెళ్లి ఓడలకు మందుపాతరలు అంటించి రావడం వాళ్ల పని. పది మందిలో ప్రాణాలతో తిరిగొచ్చింది ఇద్దరు. ఒకరు హాస్లర్. అప్పటికి ఆయన వయసు 28.

యుద్ధం ముగిశాక ఆయన మనసు ఒంటరిగా సముద్రం దాటే పడవల మీదకు మళ్లింది. మనిషి నిద్రపోతే పడవను ఎవరు నడపాలన్నది పెద్ద చిక్కు. నమూనా పడవల రెక్క దీనికి సమాధానమే, కానీ నేరుగా పనికి రాదు. ఎందుకో పైన చూసిన లెక్కే చెబుతుంది. 50 అంగుళాల మార్బుల్‌హెడ్ తరగతి నమూనా పడవకు, హాస్లర్ నడిపిన 25 అడుగుల జెస్టర్‌కు పొడవులో తేడా ఆరు రెట్లు. గాలిరెక్క తిప్పగల బలం పొడవు ఘనంతో పెరిగితే, చుక్కానిని తిప్పడానికి కావలసిన బలం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. అంటే పెద్ద పడవలో ఆ రెక్క ఆరు రెట్లు బలహీనం. హాస్లర్ ఏం చేశాడంటే, రెక్క చేత చుక్కానిని తిప్పించలేదు. నీళ్లలో వేలాడే ఒక సన్నటి పలకను మాత్రం కొంచెం మెలి తిప్పించాడు. పడవ ముందుకు పోతుంటే ఎదురొచ్చే నీళ్లు ఆ పలకను పక్కకు నెట్టేస్తాయి, ఆ నెట్టుడు బలం తాళ్ల ద్వారా చుక్కానిని తిప్పుతుంది. గాలి దారి చూపిస్తుంది, బరువు పని నీళ్లు చేస్తాయి.

1960లో ఆయన పూనికతో ఒంటరిగా అట్లాంటిక్ దాటే పందెం మొదలైంది. ఐదుగురు పాల్గొన్నారు. ఫ్రాన్సిస్ చిచెస్టర్ 40 రోజుల్లో మొదటివాడుగా, హాస్లర్ 48 రోజుల్లో రెండోవాడుగా న్యూయార్క్ చేరారు. చిచెస్టర్ కూడా యుద్ధకాలంలో వైమానిక దళానికి దిశా నిర్ణయం నేర్పిన మనిషే. తన పడవకు గాలిరెక్క చేసుకునే ముందు ఆయన లండన్ కెన్సింగ్టన్ తోటలోని గుండ్రటి చెరువు దగ్గర నిలబడి నమూనా పడవలను గమనించాడు. పిల్లలు, ముసలివాళ్లు పడవలు వదిలే చెరువు అది.

ఆ దారి ఆగిపోలేదు. మన నౌకాదళంలో పనిచేసి రిటైరైన అభిలాష్ టోమీ 2022లో గోల్డెన్ గ్లోబ్ పందేనికి వెళ్లినప్పుడు ఎలక్ట్రానిక్ ఆటోపైలట్ నిషేధం. ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా భూమిని చుట్టి రావాలి. చుక్కాని పట్టింది గాలిరెక్కే. 236 రోజుల తర్వాత, 2023 ఏప్రిల్ 29న, రెండో స్థానంలో తీరం చేరాడు.

రేడియో సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. నికోలా టెస్లా రేడియోతో నడిచే పడవకు 1898 నవంబర్ 8న అమెరికాలో పేటెంట్ తీసుకున్నాడు, నంబరు 613,809. దీని అసలు విలువ యుద్ధంలో తెలుస్తుందని ఆ పేటెంట్‌లోనే రాసుకున్నాడు. అమెరికా నౌకాదళం అప్పుడు పట్టించుకోలేదు. పాతికేళ్లు తిరిగేసరికి, 1923 మార్చిలో, అదే నౌకాదళం తన పాత యుద్ధనౌక అయోవాను మనుషులు లేకుండా రేడియోతో నడిపి, దాన్ని గురిగా పెట్టుకుని కాల్చి పనామా దగ్గర ముంచింది.

ఇప్పుడు ఒడ్డున వాడేది 2.4 గిగాహెర్ట్జ్ రేడియో, మన ఇంట్లో వైఫై వాడే పట్టీయే. భారత్‌లో దీన్ని లైసెన్సు లేకుండా వాడుకోవడానికి 2005లో అనుమతి వచ్చింది. ఐరోపాలో దాని బలానికి పరిమితి 0.1 వాట్. 9 వాట్ల ఎల్ఈడీ బల్బులో తొంభయ్యో వంతు. తరంగం పొడవు 12.5 సెంటీమీటర్లు. ఇది నీళ్లలోంచి పోదు, కాబట్టి పడవలో రిసీవర్ తీగను నీటి మట్టానికి పైన ఉంచుతారు. పడవలో రెండే మోటార్లు: ఒకటి చుక్కానికి, ఒకటి చాప తాళ్లకు. సర్వో అనే ఈ మోటార్లకు మామూలుగా సెకనుకు 50 సార్లు ఆదేశం వెళ్తుంది. పాత 27, 40 మెగాహెర్ట్జ్ రోజుల్లో ఇద్దరు ఒకే చానల్ మీద ఉంటే ఒకడి రిమోట్‌కు ఇంకొకడి పడవ తిరిగేది. అందుకని ఒడ్డున బోర్డు పెట్టి, ఎవరి చానల్ కొక్కెం వాళ్లు తీసుకున్నాకే రిమోట్ ఆన్ చేసేవారు. ఇప్పుడు ఆ తంటా లేదు, రిమోట్, రిసీవర్ ఒకదాన్నొకటి గుర్తుపెట్టుకుంటాయి.

నిబంధనల దగ్గర మళ్లీ ఆగాలి. ఒలింపిక్ పడవలకు ఏ పుస్తకమో వీటికీ అదే పుస్తకం. చివర ఇ అనే అనుబంధం ఒక్కటి ఎక్కువ. మామూలు పందేల్లో మార్కు చుట్టూ మూడు పడవల దూరాన్ని ప్రత్యేక ప్రాంతం అంటారు, అందులోకి వచ్చాక లోపలి పడవకు చోటివ్వాలి. ఇక్కడ అది నాలుగు పడవల దూరం. ఒడ్డు నుంచి చూస్తారు కాబట్టి ఒక పడవ అదనం. తప్పు చేస్తే మామూలుగా రెండు చుట్లు తిరగాలి, ఇక్కడ ఒక చుట్టు. ఆ తప్పు వల్ల లాభపడితే ఇంకో చుట్టు. స్టార్టుకు ముందు చివరి నిమిషంలో పది సెకన్లకోసారి, ఆఖరి పది సెకన్లలో ఒక్కో సెకనుకూ అంకె వినిపిస్తుంది. సైన్యంలో ఉన్నవాళ్లకు ఆ లెక్కింపు చెవికి ఎంత పరిచయమో వేరే చెప్పక్కర్లేదు.

తెరచాప మీద ఉండేది రిజిస్ట్రేషన్ నంబరులోని చివరి రెండంకెలు. ఒడ్డున ఎవరైనా ఎవరినైనా పిలిచేది ఆ అంకెతోనే. 47, నా దారిలోంచి తప్పుకో అంటే 47 తప్పుకోవాలి. ఆ 47 వెనక ఉన్నది రిటైరైన కర్నల్ కావచ్చు, పిలిచింది నిన్న చేరిన సిపాయి కావచ్చు. తాను తప్పు చేశానని తెలిస్తే ఎవరూ అడగకుండానే పక్కకెళ్లి ఒక చుట్టు తిరిగి రావాలి. హోదాల మెట్ల మీద జీవితం గడిపినవాళ్లు రెండంకెలుగా మారి నిలబడే చోటు ఇది. ఈ ఆట మీద నాకు గౌరవం పెరిగింది ఇక్కడే.

ఖర్చు సంగతి కూడా చెప్పాలి. పోటీకి నిలిచే కొత్త ఐఓఎమ్ బ్రిటన్‌లో వేల పౌండ్లు. కానీ డ్రాగన్ ఫోర్స్ 65 అనే 650 మిల్లీమీటర్ల పడవ రెండు వందల పౌండ్ల చుట్టుపక్కల దొరుకుతుంది. దాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు, దాదాపు పెట్టెలోంచి వచ్చినట్టే ఉండాలి. డబ్బున్నవాడి పడవ, లేనివాడి పడవ ఒకటే. పింఛను మీద బతికేవాళ్లకు, బ్యారక్‌లో మంచం కింద సామాను సర్దుకునేవాళ్లకు నేనైతే ముందు దీన్నే సూచిస్తాను.

పడవలు ఎక్కువైతే అందరినీ ఒకేసారి వదలరు. 36 పడవలు వచ్చాయనుకోండి. ఎ, బి అని రెండు గుంపులు చేస్తారు, గుంపుకు 20 చొప్పున. 36ను రెండు చేస్తే 18 కదా, 20 ఎలా అని అడగొచ్చు. కిటుకు అందులోనే ఉంది. ముందు బి గుంపు 20 పడవలతో పరుగెడుతుంది. అందులో మొదటి నలుగురు వెంటనే ఎ గుంపులోకి ఎక్కుతారు. అప్పటికే అక్కడ ఉన్న 16 మందితో కలిసి 20. ఎ గుంపు పందెంలో చివరి నలుగురు తర్వాతి రౌండుకు బి లోకి దిగుతారు. ఎ లో మొదటివాడికి 1 పాయింటు, ఇరవయ్యోవాడికి 20. బి లో ఐదో స్థానంలో వచ్చినవాడికి 21. తక్కువ పాయింట్లున్నవాడే విజేత. నాలుగు పందేలు పూర్తయితే ఒక చెడ్డ ఫలితాన్ని, ఎనిమిదయితే రెంటిని లెక్కలోంచి తీసేస్తారు. ఒక గుంపు నీళ్ల మీద ఉన్నప్పుడు రెండో గుంపువాళ్లలో కొందరు పరిశీలకులుగా నిలబడతారు, మిగిలినవాళ్లు టీ తాగుతూ బ్యాటరీలు మార్చుకుంటారు.

బి గుంపులో నాలుగో స్థానంలో వచ్చిన మనిషికి మాత్రం ఆ తీరిక ఉండదు. ఎనభై ఏళ్లాయనే అనుకుందాం. పావుగంట ఒడ్డు వెంట నడిచి, ఆఖరి మలుపులో ఒక పడవను దాటి, నాలుగోవాడుగా గీత దాటాడు. ఎ గుంపు పిలుపు వచ్చేస్తుంది. పడవను గట్టుకు తెచ్చి, మూత తిప్పి లోపల చేరిన నీళ్లు వంచి, మూత బిగించి, బ్యాటరీ చూసుకుని, మళ్లీ నీళ్లలోకి దించాలి. అప్పటికి లెక్కింపు గొంతు యాభై దగ్గరికి వచ్చేసి ఉంటుంది.